ఆ మాత్రం వాటం

మేస్త్రి రోజూ పనికి వెళ్ళేముందు తన ఇంటి నేల మీదే రసమట్టం పెట్టి చూస్తాడు. గాజుగొట్టంలో బుడగ ఎటు జరిగిందో చూసి, మంచం కోళ్ళ కింద చెక్కముక్కలు సర్ది వెళ్తాడు. ఆ ఇల్లు అంతే. మనసు ఎటు లాగితే నేల అటు దిగుతుంది.

"ఏ నేలకైనా నీళ్ళు జారేలా కాస్త వాటం ఉండాలి, లేకపోతే నిలిచి పాచి పడుతుంది. మనది మరీ ఎక్కువైంది," అన్నాడు. "మళ్ళీ మరదలి వైపేనా?"

"నాకేం పని ఆవిడతో?" అంది భార్య.

ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది, టమాటా ఒకటి దొర్లుకుంటూ నడిమి గడప దాటి అటు వెళ్ళిపోయింది.

అటువైపు గదుల్లో మేస్త్రి తమ్ముడు, అతని భార్య ఉంటారు. పిల్లల్లేరు. మేస్త్రి కూతురికి ఆ పిన్నంటే ప్రాణం. జడ పిన్నే వేయాలి, కట్టే గుడ్డ పిన్నికే నచ్చాలి. తల్లి అన్నీ ఓర్చుకుంది. ఆమధ్య గోడవతల నవ్వులు వినిపించాయి. "ఆ అబ్బాయి సంగతి అమ్మకి చెప్పకు పిన్నీ." ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పట్నుంచీ నేల జారుబండే. ఉల్లిపాయలు, గరిటెలు, ఆఖరికి ఆమె చెప్పులూ అటే. సాయంత్రం తోటికోడలు అన్నీ బుట్టలో వేసి తెచ్చేది. "మీవే అక్కా." ఆ నవ్వు చూస్తే ఈమెకు ఒళ్ళు మండేది.

నడిమి గోడ పగిలింది.

"ఇంకో వేలెడు దిగితే నిలవదు," అన్నాడు మేస్త్రి. "ఆ తలుపు పీకేసి ఇటుకలు కట్టేస్తే బలం వస్తుంది. ఆదివారం చూస్తా."

"కట్టెయ్యి."

కూతురు తల దువ్వుకుంటోంది. "అయితే నా మంచం పిన్ని వైపు వేయండి," అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆదివారం మేస్త్రి వాకిట్లో సిమెంటు కలుపుతున్నాడు. తలుపు మూసుకుపోయేలోగా, అటు దొర్లిపోయిన తన మాత్రల సీసా తెచ్చుకోవాలని భార్య అటు వెళ్ళింది. వంగి తోటికోడలి మంచం కింద చూసింది. సీసా గోడవారనే ఉంది. దాని పక్కన తోటికోడలి దారపుండ, గాజులు, గిన్నె మూత. అన్నీ ఈ నడిమి గోడకే వచ్చి ఆగాయి. గోడవైపు కోళ్ళ కింద చెక్కముక్కలు. అరిగి నల్లబడ్డాయి.

"నీ నేల కూడానా?"

తోటికోడలు గుమ్మంలో తడిచేతులు తుడుచుకుంటోంది. "మీ అమ్మాయి పుట్టినప్పట్నుంచీ అక్కా."

మేస్త్రి భార్య సీసా అందుకుని లేచింది.

"నాకు చెప్పనివన్నీ నీకు చెబుతుంది."

"చెప్పి, మీ దగ్గరికొచ్చి పడుకుంటుంది. జ్వరమొస్తే అమ్మా అంటుంది. పొరపాటునైనా పిన్నీ అనలేదు."

మేస్త్రి భార్య మంచం మీద కూలబడింది. "నీ ఇల్లు చదునుగా ఉందనుకుని ఇన్నేళ్ళూ కుళ్ళి చచ్చాను కదే!"

తోటికోడలు పక్కన కూర్చుని నవ్వింది. ఈమెకూ నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ. కింద నేల మెల్లగా లేచింది. చెక్కముక్కల వల్ల మంచం గోడవైపు ఎత్తైపోయి, ఇద్దరూ జర్రున జారి కిందపడ్డారు.

మేస్త్రి తాపీతో వచ్చి గడప దగ్గర రసమట్టం పెట్టాడు. బుడగ ఊగి ఊగి, నడుమకు కాస్త ఇవతల ఆగింది.

"ఇంకా కొంచెం తేడా ఉంది. కట్టెయ్యనా?"

కూతురు అప్పటికే దుప్పటి చుట్టి చంకలో పెట్టుకుని నిలబడింది.

"ఎంత తేడా?" అంది తల్లి.

"నీళ్ళు జారేంత."

"ఆ మాత్రం వాటం ఉండాలన్నది నువ్వేగా. ఆ సిమెంటు పగుల్లో పెట్టు, గట్టిపడకముందే."

కూతురు దుప్పటి గడప మీద పరిచి కూర్చుంది. "అమ్మా, ఒక సంగతి. కోప్పడకూడదు."

"నేను బట్టలు ఆరేసుకోవాలి," అంటూ తోటికోడలు లేవబోయింది.

మేస్త్రి భార్య ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.