చివరి రాశి దాకా

ఆరబోసిన మిరపకాయ మీద టార్పాలిన్ పట్టా కప్పడం ఇద్దరి పని. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకోవాలి. గాలి లేచిందంటే ఎంతటి మొనగాడైనా ఒక్కడే కప్పలేడు. అందుకే మా ఊరి ఉమ్మడి కల్లంలో ఒక కట్టుబాటు ఉండేది. మబ్బు పడితే, అక్కడ ఎవరుంటే వాళ్లు అందరి కాయా కప్పాలి. ముందు ఎవరిది కప్పినా సరే, చివరి రాశి దాకా కొస వదలకూడదు.

కల్లంలో పున్నయ్య బాబాయి కాయ బస్తా పోయిన రోజే ఆ కట్టుబాటూ పోయింది. ఎవరెత్తుకుపోయారో ఈనాటికీ తెలియదు. ఆయన మాత్రం మా ఆయన యోబు పేరు చెప్పాడు. నలుగురిని వెంటేసుకొచ్చి మా ఇల్లు వెతికించాడు. మంచం కింద తొడిమ కూడా దొరకలేదు, అయినా ఆ పెద్దమనిషి నోట తప్పయిందన్న మాట రాలేదు. నేనేమన్నా తక్కువ తిన్నానా? మా కాయ జోలికొస్తే కాళ్లు విరగ్గొడతానని బజారులో నిలబడి అరిచాను. పక్కపక్కనున్న మా రాశుల మధ్య తాడు కట్టుకున్నాం.

రెండేళ్లు మా పంటను పురుగు తినేసింది. ఈ ఏడాదే నాలుగు కాయలు కళ్లజూశాం. ఇది కూడా పోతే కౌలు పొలం వదిలేసి, మా పిల్ల నిరోషను కాలేజీ మాన్పించి, ముగ్గురం కూలికి పోవాల్సిందే.

మిగతావాళ్లంతా కాయ ఎత్తేశారు. కల్లంలో మా రెండు రాశులే మిగిలాయి. గోతాల కోసం యోబు మాచర్ల వెళ్లిన మధ్యాహ్నం, సాగర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. నేను పట్టా లాగాను. గాలి దాన్ని ఎత్తి నా ముఖాన కొట్టింది. మళ్లీ లాగాను. తాడుకు అవతల పున్నయ్య బాబాయిని కూడా ఆయన పట్టా ఈడ్చుకుపోతోంది. రోషం దిగమింగి పిలిచాను.

"బాబాయ్, ఈ కొస పట్టు. నాది కాగానే నీది కప్పుదాం."

"ముందు నాది పట్టు అమ్మాయ్. నీదయినాక నువ్వుంటావని నమ్మకమేంది?"

"ఇంటికొచ్చి మంచాలెత్తించినోడివి. నిన్నెట్టా నమ్మేది?"

ఆయన ఒక కాలు ఎత్తి తాడు దాటించాడు. వెనక్కి తిరిగి తన రాశి చూసుకున్నాడు. కాలు తీసేసుకున్నాడు. నేనన్నా వెళ్లవచ్చు. పది అడుగులు లేదు. ఆయన రాశి కప్పుతుంటే నాది తడుస్తుందేమోనన్న భయం నన్ను కదలనివ్వలేదు. ఇద్దరం చెరో పట్టా పట్టుకుని, ఒకరినొకరం చూసుకుంటూ నిలబడ్డాం.

వాన దంచి కొట్టింది. నేను కాయ మీద బోర్లా పడి చీర కొంగు పరిచాను. కొంగుకు ఎంత ఆగుతుంది? నా కింద నుంచే ఎర్రనీళ్లు పారాయి. ఏసయ్యా అని ఏడ్చాను. బాబాయి ఏ దేవుణ్ణి పిలిచాడో వాన హోరులో వినబడలేదు.

వాన వెలిసింది, గాలి కూడా తగ్గింది. పున్నయ్య బాబాయి తాడు తెంపేసి, నా పట్టా రెండో కొస పట్టుకుని నిలబడ్డాడు.

"రా అమ్మా. ముందు నీదే కప్పుదాం."

"తడిసిన కాయ మీద కప్పితే బూజు పడుద్ది బాబాయ్. కింద పెట్టెయ్."

ఆయన ఆ కొస వదల్లేదు.