జానెడెత్తు బండి

తెల్లారగానే అచ్చిబాబు రాజుగారి గుర్రాన్ని కాలవ రేవులో కడిగేవాడు. చేపల పడవలు వచ్చేదీ ఆ వేళకే. బుట్టలు తలకెత్తుకున్న ఆడవాళ్ళు గట్టెక్కే ముందు, వేటకెళ్ళే సత్తియ్య పెళ్ళాం మరిడమ్మ చెయ్యి ఒకసారి ముట్టుకునేవారు. ముట్టుకోగానే వాళ్ళ బుట్టల బరువు ఆవిడకి వెళ్ళిపోయేది. వాళ్ళు కబుర్లాడుకుంటూ గట్టెక్కిపోతే, ఖాళీ చేతులతో ఉన్న మరిడమ్మ చీలమండల దాకా మట్టిలో దిగబడుతూ వెనకాల వచ్చేది. గట్టు దాటాక ఎవరి బరువు వాళ్ళకి అప్పగించేది. ఊళ్ళో దీన్నొక వింతని ఎవరూ అనుకోలేదు. ఒకళ్ళకి పాట వస్తుంది, ఒకళ్ళకి వంట వస్తుంది, మరిడమ్మకి ఇది వచ్చు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నలభై ఏళ్ళయింది. కాలవ నీళ్ళతో పండిన వాళ్ళందరూ మేడలు కడుతుంటే, ఆంజనేయరాజుగారు కాకినాడ నించి గుర్రం లాగే కోచిబండి తెప్పించారు. గొప్పకి కాదు, కూతురి కోసం. సూర్యావతికి రెండు కడుపులు ఏడో నెల్లోనే పోయాయి. రెండోసారి పుట్టింటికి తెస్తుంటే, ఎడ్లబండి ఈ ఇంటి గేటు ముందున్న వాలు మీదే ఒక్క కుదుపు కుదిపింది. సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆ బండి తోలినవాడు అచ్చిబాబు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని రెండేళ్ళుగా లోపల్లోపల కుమిలిపోతున్నాడు.

ఇప్పుడు ఎనిమిదో నెల. పిల్ల అడుగు నేల మీద పెట్టకూడదు, కుదుపు తగలకూడదు అని మంత్రసాని ఒట్టు వేయించుకుంది. అందుకే ఈ బండి. కుదుపుని మింగే కమానులు మెత్తన, బండి పొట్ట నేలకి జానెడెత్తు, ఎక్కడానికి మెట్టు కూడా అక్కర్లేదు. దారి పొడుగునా వంతెనలన్నీ, గుంటలన్నీ రాజుగారు మనుషుల్ని పంపి కొలిపించారు. కొలవనిది తన ఇంటి వాలొక్కటే. సొంత గుమ్మాన్ని ఎవరు కొలుస్తారు? వరదకి జడిసి మెరక మీద కట్టిన ఇల్లది. ఏటా ఎండల్లో ఇంకో రెండొందల తట్టల మట్టి పోయించడం ఆ ఇంటి ఆనవాయితీ. వాలు ఏటికేడు నిటారుగా లేచి, సరిగ్గా గేటు ముందు గూనై కూర్చుంది.

సూర్యావతిని అత్తారింటి నించి తెచ్చిన బండి మధ్యాహ్నం వాలు కింద ఆగింది. అచ్చిబాబు దిగి గూనుకి కర్ర ఆనించి చూశాడు. బండి పొట్ట కింద పెట్టి చూశాడు.

"ఏంట్రా ఆగిపోయావ్?" అన్నారు రాజుగారు గేటు దగ్గర నించి.

"పొట్ట ఆనుతాదండి. ఆనితే ఈడుస్తాది, ఈడిస్తే కుదుపేనండి."

దక్షిణాన మబ్బు లేచింది. ఒక్క వాన పడితే ఆ నల్లమట్టి మీద గుర్రం కాలు నిలవదు. పల్లకీలో దింపుదామంటే, కోచిబండి వస్తోందన్న ధీమాతో బోయీల్ని పంపేశారు. వాళ్ళు కూలికి బర్మా పోయే రంగం ఓడెక్కి నెలయింది. గూను తవ్వమని రాజుగారు గునపం తెప్పించేసరికి, ఆయన తల్లి బుల్లెమ్మగారు తలుపు చాటు నించి అరిచింది.

"కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా గొయ్యి తవ్వుతారట్రా? బుద్ధుందా?"

గునపం వెనక్కి వెళ్ళింది.

అచ్చిబాబు తాటిపట్టెలు తెప్పించాడు. ఎదురుగా పోతే రెండు చక్రాల మధ్య పొట్ట గూను మీద కూర్చుంటుంది. ఏటవాలుగా పోతే ఒక్కో చక్రం విడిగా ఎక్కుతుంది. పట్టెలు ఐమూలగా పరిచి, కిందికి వంగి మళ్ళీ కొలిచాడు. ఇంకా రెండు వేళ్ళు తక్కువ. మనిషి బరువుకి కమానులు కుంగిపోయి ఉన్నాయి. తెర వెనక నించి సూర్యావతి సన్నగా మూలిగింది.

"ఇంకెంతసేపు అచ్చిబాబూ?"

బుల్లెమ్మగారే మరిడమ్మ కోసం రేవుకి మనిషిని పరిగెత్తించింది. మరిడమ్మ తడిచీరతోనే వచ్చింది.

"బండి తేలికైపోతే గుర్రం ఎగిరి దూకుద్ది. గట్టిగా పట్టుకో అన్నా" అని, వెనక చక్రం మీద అరచెయ్యి ఆనించింది.

కమానులు మెల్లగా పైకి లేచాయి. మరిడమ్మ మోకాళ్ళ దాకా దిగబడింది. అచ్చిబాబు గుర్రం కళ్ళేన్ని దవడ దగ్గరే బిగించి పట్టుకున్నాడు. ఒక అడుగు. గుర్రం, వెనక బండి ఉన్నట్టే తెలియక, చెవులు నిక్కించి ముందుకి ఉరకబోయింది.

"నాయనా, నా తండ్రీ, నెమ్మది" అని దాని మొహాన్ని గుండెకి అదుముకున్నాడు.

ఎడమ చక్రం పట్టె ఎక్కింది. చినుకు పడింది.

"తొడల దాకా వచ్చిందన్నా. నడుం దాటితే నేను పైకి రాలేను" అంది మరిడమ్మ.

తొందరపడితే కుదుపు, తొందరపడకపోతే మరిడమ్మ. అచ్చిబాబుకి ఏడవాలనిపించింది. ఇంకొక అడుగు వేశాడు. కుడి చక్రం ఎక్కింది. పొట్ట గూను మీద వేలెడు సందు వదిలి జారింది, వెనక చక్రాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి, బండి గేటు లోపల నిలబడింది. తెర కుచ్చులు కూడా ఊగలేదు.

నలుగురు మగాళ్ళు పలుపుతాళ్ళు వేసి మరిడమ్మని పైకి లాగారు. ఆవిడ ఒక్కో అడుగూ పీక్కుంటూ వాలెక్కి, చక్రాన్ని ముట్టుకుని బండి బరువు బండికిచ్చింది. తెరలోకి చెయ్యి పెట్టి సూర్యావతి వేళ్ళు పట్టుకుంది.

"మీ బరువు మీకిచ్చేశానండి అమ్మాయిగారూ. బిడ్డది మాత్రం నా దగ్గరుంచుకుంటాను, నెలలు నిండేదాకా."

"మోయగలవా మరిడమ్మా?"

"మోయడమే కదండీ నా పని."

కడుపులో బిడ్డ బరువు తక్కెట్లో తూగే బరువు కాదు. మర్నాడు మరిడమ్మ పడవలో కాలు పెడితే అది ఒరిగిపోయింది. ఇక సత్తియ్య ఒక్కడే వేటకి వెళ్ళేవాడు. ఆవిడ రేవులో కూర్చుని వలలు బాగుచేసేది. రోజురోజుకీ మట్టిలో కాస్త కాస్త లోతుకి దిగేది. అచ్చిబాబు పొద్దున్నే రాజుగారింటి నించి అన్నం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, ఏమీ అడగకుండా పక్కనే కూర్చునేవాడు.

ముప్ఫై అయిదో రోజు పొద్దున్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ మరిడమ్మ ఆగిపోయింది. లేచి నిలబడింది. పాదాలు మట్టి పైనే ఉన్నాయి.

"బరువు పోయిందన్నా."

"పుట్టిందా?"

"పోయినా ఇలాగే ఉంటాది కదా. నాకెలా తెలుస్తాది?" అంది.

అచ్చిబాబు పరిగెత్తాడు. గట్టెక్కి, వీధి దాటి, వాలు మీద రెండుసార్లు పడి లేచాడు. గేటు దాటి ఆడవాళ్ళ వైపు వెళ్ళకూడదు. గూను మీదే నిలబడి చెవులు రిక్కించాడు. ఇంట్లో చడీచప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం అతనికి రెండేళ్ళ కిందటిదే. అక్కడే కూలబడి, తల మోకాళ్ళ మీద పెట్టుకుని బావురుమన్నాడు.

తలుపు కిర్రుమంది. బుల్లెమ్మగారు చాటునే నిలబడి, విసుక్కుంటూ అంది:

"ఎందుకురా ఆ ఏడుపు? నీ గోలకి, ఇప్పుడిప్పుడే పాలు పట్టుకున్న బిడ్డ కాస్తా వదిలేసి ఏడుస్తోంది. లే, వెళ్ళి మరిడమ్మకి చెప్పు."