రెండో వైపు ఇరుసు

మా పీహెచ్‌డీ గైడు లంచం తిన్నాడంటే నాకింత ఒళ్ళు మండేది కాదు. తినలేదు. వచ్చినవాళ్ళ ముందు గొప్పలకు పోయాడు, అంతే. ఆ గొప్పల కింద పడి మా బావ ఉద్యోగం నలిగిపోయింది.

నేను యూనివర్సిటీలో మెకానికల్ ఇంజినీరింగులో పరిశోధన చేస్తున్నాను. విరిగిన ఇనుము ఎందుకు విరిగిందో చెప్పడం మా ప్రయోగశాల పని. బావ, అంటే మా అక్క భర్త, బస్సు డ్రైవరు. ఒక మధ్యాహ్నం ఆయన నడుపుతున్న బస్సు ముందు చక్రం ఇరుసు విరిగింది. చక్రం ఊడిపోయింది, బస్సు గోడకు గుద్దుకుంది, ప్రయాణికుల్లో ఒకావిడ చెయ్యి విరిగింది. ఇరుసు విరిగాకే బస్సు గోడకు తగిలిందని బావ అంటాడు. గోడకు గుద్దినందుకే ఇరుసు విరిగిందని కంపెనీ అంటుంది. ఆయన్ని డ్యూటీ నుంచి తప్పించి, విరిగిన ముక్కలు రెండూ మా ప్రయోగశాలకు పంపారు.

ఆ డ్రైవరు మా బావ అని నేనే గైడుకు చెప్పాను. అయితే నువ్వు దీని జోలికి రావద్దు, రిపోర్టు నేను రాస్తానన్నాడు. న్యాయమే కాబట్టి నోరు మూసుకున్నాను. నోరు మూసుకున్నాను గానీ కళ్ళు మూసుకోలేదు కదా. విరిగిన ముఖం మీద, అంటే ఇరుసు తెగిన చోట బయటపడ్డ ఇనుము మీద, ఒక అంచు నుంచి ఉల్లిపాయ పొరల్లా గీతలున్నాయి. ఒక్క దెబ్బకు విరిగిన ఇనుము మీద అలాంటి గీతలుండవు. పగులు నెలల తరబడి మెల్లగా పాకితేనే పడతాయి. ఇంటికెళ్ళి, బావ గండం గట్టెక్కినట్టే అని అక్కతో చెప్పాను. అక్క ఆ పూట కడుపునిండా తింది.

మా దగ్గర చేరినవాళ్ళకు మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది. విరిగిన ముక్కలు రెండూ ఎదురుగా కనిపిస్తే, కలిపి చూడాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. కలపకూడదు. ముఖాలు ఒకదానికొకటి రాసుకుంటే సాక్ష్యం చెరిగిపోతుంది. ఫోటోలు తీసేదాకా వేలు కూడా తగలకూడదు. ఈ తప్పు చేసినందుకు మా గైడు ఒక సీనియర్‌ని అందరి ముందూ ఉతికి ఆరేశాడు.

అలా ఉతికిన పెద్దమనిషే, ఇంకా ఫోటోలు తీయకముందు, బస్సు కంపెనీ మేనేజర్లు చూడవచ్చిన రోజున ముక్కలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. ఎంత చక్కగా అమరుతున్నాయో చూడండి అంటూ కలిపేశాడు. కలిపి ఊరుకున్నాడా? సరిగ్గా అమరకపోతే అటూ ఇటూ తిప్పి నొక్కాడు. వాళ్ళలో ఒక మేనేజరు కూడా తనవంతు ఒక తిప్పు తిప్పి ముచ్చటపడ్డాడు. నేను అవతలి బల్ల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చేసరికి గీతలు మొదలయ్యే అంచు పాలిష్ పట్టినట్టు మెరుస్తోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "సార్, ఈ పని చేసింది మీరేనా?" అన్నాను. ఆయన అతిథుల ముందు ఏమిటా మాటలని నన్నే బయటికి పంపేశాడు.

తర్వాత రిపోర్టు వచ్చింది. విరిగిన ముఖం దెబ్బతిన్నందువల్ల కారణం తేల్చలేకపోయారట. మిగిలిన గీతలు చాలవా అని అడిగితే, అవి గట్టిగా చెప్పడానికి సరిపోవమ్మా అని చల్లగా సెలవిచ్చాడు. కంపెనీకి అంతకన్నా ఏం కావాలి? తప్పు డ్రైవరుదే అని తేల్చి, ఉద్యోగం తీసేస్తామని బావకు నోటీసు ఇచ్చారు.   అక్క నాతో, ఇన్నేళ్ళు చదివి ఏం ఒరగబెట్టావే అంది.

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. బస్సుకు ముందు చక్రాలు రెండు. రెండో వైపు ఇరుసుదీ అదే వయసు, అది మోసిందీ అదే బరువు. ఇక్కడ పగులు పాకితే అక్కడ మాత్రం ఊరుకుంటుందా? దాన్ని కూడా తెప్పించండి సార్ అని గైడును బతిమాలాను. వాళ్ళు అడగనిది మనకెందుకన్నాడు. ఆ బస్సు ఇప్పుడెక్కడుందని బావను అడిగాను. విరిగిన వైపు మాత్రం కొత్తది వేసి ఆ బస్సును మళ్ళీ రోడ్డెక్కించారట.

ఇంక నేనెవరినీ అడగలేదు. ఆసుపత్రిలో కడుపుకు స్కానింగు చేసినట్టు ఇనుముకు చేసే పెట్టె ఒకటి మా దగ్గరుంది. దాన్ని చంకన పెట్టుకుని బావతో డిపోకు వెళ్ళాను. అప్పుడే బస్సు తర్వాతి ట్రిప్పుకు సిద్ధంగా ఉంది, సగం సీట్లు నిండాయి. డిపో మెకానిక్ బావకు స్నేహితుడు. గొణుక్కుంటూనే చక్రం మూత విప్పాడు. ఇరుసు కొసకు నూనె రాసి పరికరం ఆనించాను. ఇరుసు బాగుంటే తెర మీద గీత చివరిదాకా చదునుగా సాగాలి. మధ్యలోనే నిట్టనిలువుగా లేచింది. చెయ్యి జరిపి చూసినా అదే.

"పగులుంది బావా. సగం దాకా తినేసింది."

బావ తన ఉద్యోగం మాటే ఎత్తలేదు. బస్సెక్కి అందర్నీ దిగమన్నాడు. కొత్త డ్రైవరు చేతిలోంచి తాళం లాక్కున్నాడు. గొడవ రేగింది, డిపో మేనేజరు ఫోను చేస్తే మా గైడు ఎగేసుకుంటూ వచ్చాడు. అనుమతి లేకుండా పరికరం ఎత్తుకొచ్చానని, నా పీహెచ్‌డీ ఇంతటితో సరి అని కారు దిగుతూనే మొదలుపెట్టాడు. నేను తెరను ఆయన వైపు తిప్పాను. పని రాని మనిషి కాదు. తానే పరికరం ఆనించి చూసుకున్నాడు. తెర మీద గీత మళ్ళీ అక్కడే నిలువుగా లేచింది. బస్సు దిగినవాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఆయన నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"తొందరపడకు. ఇప్పటికిప్పుడు మాట మారిస్తే డిపార్ట్‌మెంట్ పరువు పోతుంది. రిపోర్టు మెల్లగా సరిచేద్దాం."

నోటికి ఎంత మాటొస్తే అంత మాటా అనేశాను. అవి అచ్చుకు పనికొచ్చే మాటలు కావు. నా గొంతు విని బావ మా దగ్గరికొచ్చి, గైడు ఏమన్నాడో నాతో చెప్పించుకున్నాడు. ఆయన అరవలేదు. వెళ్ళి బస్సు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కండి సార్. నేనే నడుపుతా. మీరన్నట్టే మెల్లగా పోనిస్తా."

గైడు మెట్టు వంక చూశాడు. చుట్టూ ఉన్న జనం వంక చూశాడు. ఎక్కలేదు. డిపో ఆఫీసు నుంచి కాగితం తెప్పించుకుని, పాత రిపోర్టు తప్పని, పాకిన పగులువల్లే ఇరుసు విరిగిందని అక్కడే నిలబడి రాసి సంతకం పెట్టాడు. చివరి అక్షరం దాకా చూస్తూ నిలబడ్డాను. నాకు రవ్వంత కూడా జాలి వేయలేదు.