నల్లబడ్డ ఆయిలు

గవర్రాజుకి మనుషులంటే అనుమానం, తన తెలివంటే మహా నమ్మకం. పదేళ్లు యజమానిగారి పెట్రోలు కారు నడిపాడు. ఆ అనుభవం చూసే యజమాని అతన్ని డెబ్బై నాలుగులో వన్ టౌన్‌లోని ట్రాక్టర్ల షెడ్డుకి పెద్దని చేశాడు. హార్బరుకి సరుకు లాగే డీజిలు బండ్లు ఆరు. వాటి మంచీ చెడ్డా చూసే మెకానిక్కు తవిటయ్య. కారు తెలిసినవాడికి ట్రాక్టరు తెలియదా అనుకున్నాడు గవర్రాజు, మహానుభావుడు.

ఒక సోమవారం తవిటయ్య మూడో నంబరు బండికి ఆయిలు మార్చాడు. మర్నాడు గవర్రాజు ఆయిలు చూసే గేజి కడ్డీ లాగితే, కాటుకలా నల్లగా ఉంది. కారులో కొత్త ఆయిలు ఎన్నో రోజులు తేనె రంగులోనే ఉండేది. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాడు.

"కొత్త డబ్బా ఇంటికట్టుకెళ్లిపోయి పాతదే పోసేసినావేటి?" అని పదిహేనుమంది ముందు అరిచాడు.

"డీజిలు బండి బావా. లోపల మసంతా ఆయిలు కడిగేత్తాది. ఒక్క పూట నడిత్తే నల్లబడిపోద్ది. పని సేత్తన్నట్టే గానీ సెడినట్టు కాదు."

"ఎవరి సెవిలో పువ్వులెడతన్నావ్?"

అందరూ నవ్వారు. తవిటయ్య చేతిలో పానా కింద పెట్టేశాడు. ఆ రోజు నుంచి అతనికి గోడౌనులో బస్తాలు మోసే పని.

నెల తిరిగింది. ఎవరినీ నమ్మలేక గవర్రాజు రెండో నంబరు బండికి తనే ఆయిలు మార్చాడు. డబ్బా సీలు తన చేత్తోనే విప్పాడు. బండి హార్బరుకి నాలుగుసార్లు వెళ్లొచ్చింది. కడ్డీ లాగాడు. నలుపు. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి లాగాడు. అదే నలుపు.

సిగ్గుతో చచ్చిపోయాడు. నిజం చెప్పిన మనిషి వీపు మీద బస్తా ఎక్కించానే అని తనని తాను తిట్టుకున్నాడు. అన్నం వేళకి గోడౌను వెనక్కి వెళ్లి తవిటయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పైపోయింది బావా. నువ్వు సెప్పిందే నిజం. రేపట్నుంచి షెడ్డుకొచ్చీ."

"దొంగనని పదిమందిలో అన్నావు. ఇది సాటుకొచ్చి సెప్తన్నావేటి?" అన్నాడు తవిటయ్య.

న్యాయమే. ఇద్దరూ షెడ్డుకి వచ్చారు. మనుషులు కేరేజీలు విప్పుకుని తింటున్నారు. గవర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"తవిటయ్య రేపట్నుంచి మళ్లీ మన షెడ్డులోనే సేత్తాడు," అని, అసలు మాట కోసం నోరు తెరిచాడు.

అంతలో డ్రైవరు జగ్గయ్య అందుకున్నాడు. "దొంగతనం సేసినోణ్ణి కూడా సెమించేసినావంటే, నీది దొడ్డ మనసు బావా!"

అందరూ అవునవునన్నారు. పక్కన తవిటయ్య ఇంకా ఎదురుచూస్తున్నాడని గవర్రాజుకి తెలుసు. అటు తల తిప్పడానికి ధైర్యం చాలలేదు.

"సర్లే, తినండి," అన్నాడు.

తవిటయ్య తలగుడ్డ చుట్టుకుని బస్తాల వైపు వెళ్లిపోయాడు.