మొదటి విడత

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నా సంగీత ధ్యాసంతా జాబితా మీదే ఉంది. జిల్లా బడుల్లో తాత్కాలికంగా వేసిన రేకుల గదుల్ని మూడేళ్లలో, మూడు విడతలుగా తీసేసి పక్కా గదులు కట్టాలి. ఏ బడి ముందు, ఏది వెనక అన్న వరుసంతా రాసింది జగిత్యాలలో అసిస్టెంట్ ఇంజనీరైన ఆమే.

"ఆదివారం గూడ గా రేకుల ముచ్చటేనా? సంతకం పెట్టేది మీ సారు. నీకెందుకు గింత రంధి?" అన్నాడు భర్త రమేశ్, ఫోన్లోంచి తలెత్తకుండా. ఆఫీసులో ఆమె పై అధికారి అర్జున్ రావు అనేదీ అదే: "నువ్వు టైపు చెయ్యమ్మా, మిగతాది నేను చూస్కుంట."

ఆమెను కుదురుగా ఉండనివ్వనిది శుక్రవారం రాయికల్ దగ్గరి ఊళ్లో చూసిన బడి. పిల్లలు తక్కువని దాన్ని తనే మూడో విడతలో వేసింది. హెడ్‌మిస్ట్రెస్ తార హాజరు పట్టీ ముందు పెట్టింది.

"ఈ గదికి తలుపు పడదు మేడం. నెలసరి వస్తే గుడ్డ మార్చుకునే చాటు లేక ఆడపిల్లలు నాలుగు రోజులు రారు. ఎండలు ముదిరితే ఇగ ఇంట్లనే బీడీలు చుట్టుకుంట కూసుంటరు."

ఆఫీసు బాత్రూముకు గడియ లేక సంగీత నాలుగేళ్లుగా మధ్యాహ్నం దాకా నీళ్లు తాగదు. అది ఒకరికి చెప్పదగిన సంగతని కూడా ఆమెకెప్పుడూ తోచలేదు. తనే పట్టించుకోని కష్టం తన జాబితాలోకి ఎలా వస్తుంది?

సోమవారం కలెక్టర్ మేడం ముందు అర్జున్ రావు జాబితా చదువుతుంటే ఆమె లేచి నిలబడింది.

"మేడం, రాయికల్ దగ్గరి బడి మొదటి విడతల ఉండాలె. పిల్లలు తక్కువున్నరని రేకుల గది ఉంచుతున్నం. తలుపు పడని గది ఉన్నందుకే పిల్లలు తక్కువైన్రు."

"సంగీతా, కూసో," అన్నాడు అర్జున్ రావు.

సంగీత కూర్చోలేదు. "జాబితా రాసింది నేనే సార్. తప్పు గూడ నాదే, నేనే దిద్దుత."

"కొత్త గదులు కట్టేదాకా పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారు?" మేడం అడిగింది.

"పక్కన పంచాయతీ హాలు ఖాళీగున్నది మేడం. చూసొచ్చిన."

మేడం పెన్ను తీసి ఆ బడి పేరును పైకి మార్చింది. ఎండాకాలం సెలవుల్లోనే పని మొదలుపెట్టమంది.

బయట వరండాలో అర్జున్ రావు ముఖం చిట్లించాడు. "పెద్దోళ్ల ముందర గట్ల మాట్లాడుతరా?"

"తెలిసింది చెప్పిన సార్."

అక్కణ్ణుంచి ఆమె నేరుగా బస్టాండుకు నడిచింది. జాబితాలో ఇంకా ఎనభై నాలుగు బడులున్నాయి. ప్రతి బడిలో ఒక్క ఆడపిల్లనైనా అడగకుండా ఇక ఏ పేరు పక్కనా విడత నంబరు వేయకూడదనుకుంటూ, తర్వాతి బడి ఉన్న వెల్గటూర్ బస్సెక్కింది.