జంపి అనే ఊరు

జంపక్క తెల్లవారకముందే సంచి సర్దడం మొదలుపెట్టింది. ఒక చీర, కళ్ళజోడు, సీసాలో నీళ్ళు, వేయించిన ఇప్పపువ్వు పొట్లం, తప్పిపోతే ఎవరికైనా చూపించడానికి తన చేత్తో ఊరి పేరు రాసుకున్న కాగితం. మూతి కట్టేసిన సంచిని మళ్ళీ విప్పి ఇంకో చీర కుక్కింది.

"భద్రాచలమే గదనే అమ్మమ్మా! పొద్దుమూకేసరికి ఇంట్ల ఉంటం. రంగూన్ పోయేటట్టు సర్దుతున్నవేంది?" అంది మనవరాలు సుజాత. అనేశాక నాలుక కరుచుకుంది.

1938లో జంపక్క తల్లి ముత్తక్క కూడా ఇలాగే తన భర్త సంచిలో ఇప్పపువ్వు కట్టింది. ఆ భర్త, అంటే జంపక్క తండ్రి పగిడయ్య, పినపాక దగ్గరి ఈ ఊరి నుంచి నడిచి గోదావరి దాటాడు. కాకినాడలో ఓడెక్కి రంగూన్‌లో మిల్లు పనికి పోయాడు. అప్పటికి జంపక్కకు ఆరేళ్ళు. మూడేళ్ళపాటు ఎవరో ఒకరి నోట కబురు వచ్చేది. తర్వాత అదీ ఆగిపోయింది. అక్కడ ఇంకో పెళ్ళాన్ని కట్టుకున్నాడని ఊరంతా అంది. చివరికి ముత్తక్క కూడా అదే నమ్మి కన్నుమూసింది.

అప్పటినుంచి ఎవరు గడప దాటినా జంపక్కకు గుండెదడే. ఆమెకు అక్షరాలు నేర్పింది బడి కాదు, బస్సుల బోర్డులు. పిల్లల్ని తప్పు బస్సు ఎక్కిస్తానేమోనన్న భయంతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఆ తర్వాత పొట్లాల కాగితాలు కూడా వదలకుండా చదివింది.

భద్రాచలంలో వెంకటరామారావు అని ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఉన్నాడు. తెల్లదొరల కాలం నాటి రిజిస్టర్లు వెతికి అడిగినవాళ్ళకు వంశవృక్షాలు గీసివ్వడం ఆయన సరదా. జంపక్క అడిగిందని చెన్నై వెళ్ళినప్పుడు పగిడయ్య కోసం కూడా వెతికాడు. "ఒక పగిడయ్య దొరికాడు గానీ, మీ ముత్తాత కాదమ్మా" అని పోయినవారం సుజాతకు ఫోన్ చేశాడు. ఎందుకు కాదో విని తీరాలని జంపక్క పట్టుబట్టింది. డెబ్బై అయిదేళ్ళ వయసులో ఆమె తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే: నాయన తమను వదిలేశాడా, లేదా?

పదింటికల్లా ఇద్దరూ హెడ్మాస్టరు గారి వరండాలో ఉన్నారు. ఆయన ఒక జిరాక్సు తీసి బల్ల మీద పరిచాడు. 1941 ఆగస్టులో రంగూన్ ఓడ నుంచి కాకినాడ రేవులో జబ్బుతో దించిన కూలీల జాబితా అది.

"చూడండి జంపక్కా, మీ నాన్న ఒక్కగానొక్క కొడుకని మీరే చెప్పారు. ఈయన ఐదోవాడు. మీ ఊరు అప్పట్లో నైజాంలో ఉండేది. ఈయనది భద్రాచలం తాలూకా, అంటే ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. ఊరి పేరు కూడా వేరే." పక్కనే ఆయన గీసిన వంశవృక్షం ఉంది. అందులో పగిడయ్య ముందు నాలుగు ఖాళీ గళ్ళు.

"గీ నాలుగేంది సారూ?"

"ఈయన అన్నలు. పేర్లు ఇంకా దొరకలేదు."

జంపక్క కాగితం మీదికి వంగింది. ఆ ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. "ఐదో కొడుకు అని రాసుందా బిడ్డా?" అని సుజాతను అడిగింది.

"లేదే. పగిడయ్య, కోయ, పక్కన ఐదు. గంతే."

"అది గట్టు సారూ!" జంపక్క గొంతు లేచింది. "మమ్ముల ఎవలన్న నువ్వెవలంటే ముందుగాల గట్టు చెప్తం, మీ గోత్రం లెక్క. ఎవలింట్ల పిల్లనియ్యాల్నో, ఎవలింట్ల వద్దో దాంతోనే తెలుస్తది. మాది ఐదో గట్టు. కోయోళ్ళ పేర్లు ఇంకేమన్న ఉంటే చూడు. మా దిక్కు గట్లు మూడుకాడ మొదలైతయ్. ఒకటో, రెండో యాడన్న ఉన్నయా?"

ఆయన వేలు పేరు పేరుకూ దిగింది. మూడు, ఏడు, మూడు, ఐదు, నాలుగు. ఒకటీ లేదు, రెండూ లేదు.

"ఇంతమందిలో ఒక్క పెద్దకొడుకూ లేడు! నాకెందుకు తట్టలేదు?" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

"ఒక్క కొడుకునే పెంచలేక మా తాత తిప్పలవడె. నువ్వు ఇంకో నలుగురిని పుట్టిచ్చినవ్!" అంది జంపక్క. ముగ్గురూ నవ్వారు.

"తాలూకా సంగతి సర్దుకోవచ్చు. గోదావరి దాటి వచ్చాడు కాబట్టి అందరికీ తెలిసిన భద్రాచలం పేరే చెప్పి ఉంటాడు. కానీ ఊరి పేరుందే, దాని కోసం మూడు మండలాలు తిరిగాను. అలాంటి ఊరే లేదు."

"ఏం ఊరు?"

"జంపి."

జంపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా నాయన నన్ను జంపీ అని పిలిచేటోడు."

జ్వరంలో ఉన్న మనిషిని ఎక్కడికి పోవాలని గుమాస్తా అడిగి ఉంటాడు. ఆ మనిషి కూతురి పేరు చెప్పి ఉంటాడు. గుమాస్తా దాన్ని ఊరి గడిలో రాసుకున్నాడు.

సుజాత చివరి గడి మెల్లగా చదివింది. "పంతొమ్మిదో తారీకు దవాఖానాల సచ్చిపోయిండు. జంపికి ఉత్తరం రాసిన్రు. అసొంటి ఊరు లేదని తిరిగొచ్చింది."

జంపక్క ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే తలెత్తి, "వస్తనే ఉండె సారూ. మా అమ్మ ఉత్తగనే అనుమానపడ్డది. ఆయన ఇంటికే వస్తుండె" అంది.

హెడ్మాస్టరు నాలుగు గళ్ళూ కొట్టేశాడు. కొత్త కాగితం తీసి పగిడయ్య కింద జంపి అని రాశాడు. ఆ కింద సుజాత తల్లి పేరు, సుజాత పేరు రాసి, కలాన్ని జంపక్కకు ఇచ్చాడు. "మీ నాన్న పేరు పక్కన రాయాల్సింది మీరే రాయండి. నేను రాస్తే మళ్ళీ ఏదో తప్పు చేస్తాను."

ఆమె సంచిలోంచి ఇప్పపువ్వు పొట్లం తీసి అందరికీ తలా పిడికెడు పెట్టింది. కాకినాడకు ఏ బస్సు పోతుందో సుజాతను అడిగింది. అంత దూరం ఎందుకని సుజాత అనలేదు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, బస్సు బోర్డంత పెద్ద అక్షరాలతో రాసింది:

పగిడయ్య, ఐదో గట్టు. 1938లో రంగూన్ పోయాడు. ఇంటికి వస్తూ 1941 ఆగస్టు 19న కాకినాడలో చనిపోయాడు. ఇల్లు చేరలేదు.