కారం లేని గిన్నె

మలేషియా నూడుల్స్ వండిపెడతానని నా చెల్లెలు దీవెన అన్నప్పుడే నాకు ఒళ్లు మండింది. మొగుడు పోయాక, మూడేళ్ల కూతురు మహిమను నా ఒళ్లో వదిలి, మలేషియాలో ఒకరింట్లో పనికి వెళ్లింది. ఆరేళ్ల తర్వాత, మొన్న ఈస్టరు ముందు తిరిగొచ్చింది. నాకు పిల్లల్లేరు. మహిమ నన్నే అమ్మా అంది. ఎస్టీడీ బూత్‌కు కన్నతల్లి ఫోన్ చేస్తే ‘చిన్నమ్మా’ అంది. దిద్దాలని నాకెందుకుంటుంది?

ఇప్పుడు దీవెనకు కొత్తగూడెంలో ఒక హాస్టల్ వంటింట్లో పని దొరికింది. బడులు తెరిచేలోగా పిల్లను తీసుకుపోవాలని ఆశ. పిల్ల రానంటే మాత్రం బలవంతం చేయనంది. ఆ మాట పట్టుకునే నేను రోజులు నెట్టుకొస్తున్నాను. మహిమ ఇంకా ఆమె పక్కన కూర్చోవడం లేదు.

"గ్యాస్ మంట సాలదక్కా," అని దీవెన మా మణుగూరు క్వార్టర్ వెనక బొగ్గుల పొయ్యి రాజేసింది. మలేషియా నుంచి తెచ్చిన వెడల్పాటి బియ్యం నూడుల్స్ నానబెట్టింది. మన ఎండుమిర్చి, వెల్లుల్లి, ఎండు రొయ్యలు కలిపి నూరింది. ఉల్లికాడలు, మొలకెత్తిన పెసలు, గుడ్లు చేతికందేలా పెట్టుకుంది. సోయా సాసు బజార్లో నూడుల్స్ బండివాణ్ణి అడిగి తెచ్చింది.

మూకుడు పొగలు కక్కాక ఆమె చేతులు చూడాల్సిందే. ముందు పిడికెడు నూడుల్స్, ఒక గుడ్డు, కాస్త సాసు వేసి గబగబా తిప్పి చిన్న గిన్నెలోకి తీసింది. చల్లారడానికి కిటికీలో పెట్టింది. ఆ తర్వాతే నూరిన కారం నూనెలో పడింది. ఆ ఘాటుకు పక్క క్వార్టర్లో ముత్తక్క తుమ్మడం మొదలుపెట్టింది.

ముగ్గురం కూర్చున్నాం. ప్రార్థన నేనే చెప్పాను. మహిమ రెండు ముద్దలు తిని కిటికీ వైపు చూసింది.

"గా గిన్నెల ఉన్నది ఎవరికి చిన్నమ్మా?"

దీవెన గిన్నె చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. "తెల్వకుండ పెట్టిన," అంది. "అక్కడ నేను పనిచేసిన ఇంటి పాపకు. చిన్నది, కారం తినదు. రోజూ ముందుగాల దానికే తీసిపెట్టేదాన్ని."

కన్నబిడ్డ కారం తింటుందో లేదో ఒక్కనాడూ అడగలేదు, ఊరుగాని ఊరి పిల్లకు మాత్రం చేయి దానంతటదే తీసిపెడుతుందా? ఆ మాట అనేద్దామనుకున్నాను. దీవెన కళ్లనిండా నీళ్లు చూసి ఊరుకున్నాను. అయినా లోపల సంతోషమే వేసింది. ఇక మహిమ వెళ్లదు అనుకున్నాను.

మహిమ లేచి ఆ గిన్నె తెచ్చి తన ముందు పెట్టుకుంది.

"ఆ పాప నిన్ను ఏమని పిలుస్తది?"

"కకాక్ అని. అంటే అక్క."

"అమ్మా అని పిల్వదా?"

"వాళ్లమ్మ ఉంది గదా బిడ్డా. నేను పనిమనిషిని."

"నువ్వు వచ్చేటప్పుడు ఏడ్చిందా?"

"అవ్. గేటు పట్టుకొని ఏడ్చింది."

"మరి నువ్వు పోయేటప్పుడు నేను ఏడ్వలేదా?"

"నువ్వు నిద్రల ఉన్నవు," అంది దీవెన. "లేపితే పోలేనని లేపలే."

ఆ సంగతి నాకూ తెలుసు. ఆ తెల్లవారి లేచి ఇల్లంతా వెతికిన పిల్లను ఎత్తుకున్నది నేనే. ఆ ఏడుపు నేనెన్నడూ దీవెనకు చెప్పలేదు.

మహిమ గిన్నెలోది కొంచెం తింది. నెమ్మదిగా నమిలింది.

"అమ్మా, గిండ్ల కారం లేదు. జర వెయ్."

నేను కారం డబ్బా అందుకుని లేచాను. మహిమ గిన్నె చాచింది దీవెన వైపు. దీవెనకు ఇంకా అర్థం కాలేదు, నా వైపే చూస్తోంది.

"నిన్నే," అని డబ్బా ఆమె చేతిలో పెట్టాను.